కాజాలో కన్ను

పాలకొల్లులో మా కుట్టుమిషను కొట్టు డాబా మీద
పదకొండు పెయింటు డబ్బాలు.
అడుగున చిల్లులు నేనే పెట్టాను,
ఇస్త్రీపెట్టె బొగ్గుల్లో కాల్చిన మేకుతో.

మా నేల మంచిదే, వరికి.
తాగిన నీళ్ళు కడుపులో దాచుకునే నల్లమట్టి.
నిమ్మజాతికి పాదాలు నానితే పడదు:
ఆకు పసుపు తిరుగుతుంది, పదిరోజుల్లో పుల్ల.
అలా రెండు చెట్లు పోయాకే డాబా ఎక్కాను.
గోదారి ఇసుక, కొబ్బరిపొట్టు, చివికిన పేడ.
కొలత అడక్కండి, నా పిడికిలికే తెలుసు.
ముద్ద కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి.

చీకట్లో తడిమి చెప్పగలను ఏది ఏ చెట్టో.
పంపర పనస ఆకు కింద ఇంకో బుల్లి ఆకు,
జాకెట్టు చేతికి పట్టీ అతికినట్టు.
దబ్బాకుకి పట్టీ లేదు, నలిపితే మజ్జిగ గుర్తొస్తుంది.
గోలీ నారింజని తొక్కతో తినాలి, తీపంతా అక్కడే.
మా బావగారు తొక్క పారేసి, గుజ్జు తిని,
ఇప్పటికీ తిడుతుంటాడు.
పిట్టరెట్టలా పడుందని తుడవబోతే
ఎర్రకొమ్ములు చాచి కంపు కొడుతుంది ఒక పురుగు.
పోనీలే, రేపు రెక్కలొచ్చే పిల్ల.

కడియపులంక సత్తిపండు
తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని
వేళ్ళదబ్బ కొమ్మ తెచ్చాడు.
"కాయకి వేళ్ళుంటాయండి, మన చెయ్యిలాగే.
గుజ్జుండదు, రసముండదు. వాసనొక్కటే."
వాసనకి నాలుగొందలా, అంది మా అత్త.
రెండు పట్టుజాకెట్ల కూలి లెక్కపెట్టి ఇచ్చాను.

అంటు కట్టడం చూపిస్తే నవ్వొచ్చింది.
ఇది కాజా కదా!
జంబేరి మొక్క బెరడు మీద చిన్న గాటు,
అంచులు గోటితో లేపి
కన్నుని గుండీలా లోపలికి దోపి
పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టడం.
ముప్ఫై ఏళ్ళుగా ఊరి గుండెల మీద నేను చేసే పనే.
మూడు వారాలకి పట్టీ విప్పాను.
కన్ను పచ్చగా ఉంది.
నన్నే చూసింది.

అట్లతద్దెకి ముందు వాయుగుండం.
ఐదు రోజులు వాన. చిల్లుల్లో వేళ్ళు అడ్డుపడి
డబ్బా చెరువైంది, నేను చూసుకోలేదు.
కన్ను గోధుమరంగై రాలిపోయింది.
దాని కిందనుంచి, ముళ్ళతో, జంబేరి చిగురు.
"గిల్లెయ్యండి, అది అడివిది" ఫోనులో సత్తిపండు.
వంగాను. గోరు ఆనించాను కూడా.
ఎందుకో తీసేశాను.

మూడో ఏడు కాసింది.
బుడిపెలు, గరుకు, ఒక్కటీ గుండ్రంగా లేదు.
ఊరగాయకి దబ్బ ముందు తీసికట్టు,
మజ్జిగకి నిమ్మ ముందు తీసికట్టు.
డబ్బా ఖాళీ చెయ్యమని అత్త రోజూ పాట.

రొయ్యల షెడ్డులో తలలు వలిచే మార్తమ్మ
జాకెట్టు కొలతలకొచ్చి
చేతులు వెనక్కి దాచుకుంది.
"సబ్బుకి పోదమ్మా. మా ఆయన ముద్ద కలపనివ్వడు."
కోసి అరచెక్క ఇచ్చాను.
గరుకు తొక్కతో గోళ్ళ సందులు రుద్దింది,
ఐసు తిన్న పగుళ్ళలో రసం దిగి స్స్ అంది,
మెట్ల మీద కూచుని
అరచేతులు ముక్కుకి ఆనించి
చాలాసేపు లేవలేదు.
కొలతలు తియ్యడం ఇద్దరం మర్చిపోయాం.

ఇప్పుడు ఆరింటికి షెడ్డు వ్యాను మా కొట్టు ముందు ఆగుతుంది.
ఆరుగురు దిగుతారు.
అరచెక్క చొప్పున మూడు కాయలు.

సత్తిపండు మొన్న మళ్ళీ ఫోను చేశాడు,
వేళ్ళదబ్బ కన్ను దొరికిందట, పంపనా అని.
పంపు. వేరే డబ్బా ఉంది.
దీని జోలికి మాత్రం రాకు అన్నాను,
చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి
మెట్ల మీది పిప్పి ఊడుస్తూ.